కుర్చీ కొనే ముందు టేపు తీసుకోండి

ప్రశ్న: నా వయసు 41 ఏళ్లు, పొడవు 5 అడుగులు. మాది రాజమహేంద్రవరం. కొన్నేళ్లుగా ఇంటి నుంచే మెడికల్ కోడింగ్ పని చేస్తున్నాను. రోజుకు ఎనిమిది తొమ్మిది గంటలు లాప్‌టాప్ ముందే గడుస్తాయి. మొదట్లో డైనింగ్ టేబులు, దాని చెక్క కుర్చీ వాడుకున్నాను. నడుము నొప్పి వస్తోందంటే మావారు నిరుడు ఎత్తైన వీపు, హెడ్‌రెస్ట్, మెత్తని సీటు ఉన్న పెద్ద ఆఫీసు కుర్చీ తెప్పించారు. అందులో కూర్చుంటే గంటకల్లా తొడల కింద తిమ్మిరి ఎక్కుతోంది, సాయంత్రానికి మెడ, భుజాలు పట్టేస్తున్నాయి. తట్టుకోలేక కాళ్లు పైకి తీసుకుని బాసింపట్టు వేసుకుని కూర్చుంటున్నాను. ‘అంత మంచి కుర్చీ కొనిచ్చినా కూర్చోవడం రాదు’ అని ఇంట్లో వేళాకోళం చేస్తున్నారు. పదిహేను వేల లోపు వేరే కుర్చీ కొనాలనుకుంటున్నాను. మెష్ మంచిదా, స్పాంజి మంచిదా? హెడ్‌రెస్ట్ అవసరమా? ఇంటర్ చదివే మా అబ్బాయి 5 అడుగుల 10 అంగుళాల పొడగరి. రాత్రిపూట అదే బల్ల దగ్గర చదువుకుంటాడు. ఇద్దరికీ పనికొచ్చే కుర్చీ దొరుకుతుందా?

జవాబు: ముందుగా మీ ఇంట్లోవారి వేళాకోళం సంగతి చూద్దాం. మీరు రాసిన వివరాలను బట్టి, లోపం మీరు కూర్చునే పద్ధతిలో కాక ఆ కుర్చీ కొలతల్లోనే ఉందని నాకు గట్టిగా అనిపిస్తోంది. పాదాలు నేలకు పూర్తిగా ఆనకుండా వేలాడుతున్నప్పుడు కాళ్ల బరువు సీటు ముందు అంచు మీద, అంటే తొడల కింది మెత్తని కండ మీద పడుతుంది. అక్కడి నరాలు, రక్తనాళాలు గంటల తరబడి నొక్కుకుపోవడం వల్ల తిమ్మిరి ఎక్కుతుంది, ఆ నొక్కుడు తప్పించుకోవడానికి మనిషి తెలియకుండానే కాళ్లు పైకి ముడుచుకుంటాడు. పొడవు తక్కువైనవారు ఆఫీసు కుర్చీలో బాసింపట్టు వేసుకుని కనిపిస్తే నేను మొదట అనుమానించేది ఆ కుర్చీ ఎత్తునే.

అందువల్ల మెష్, స్పాంజి, హెడ్‌రెస్ట్ అనే ప్రశ్నలను కాసేపు పక్కన పెట్టి, దర్జీలు వాడే టేపు ఒకటి తీసుకోండి. చెప్పులు కొనేటప్పుడు సైజు చూడకుండా ఎవరూ కొనరు గాని, కుర్చీ దగ్గరికి వచ్చేసరికి రంగు, ధర, వీపు ఎంత ఎత్తుందన్నది చూసి కొనేస్తాం. గట్టి చెక్క స్టూలును గోడకు ఆనించి, వీపు, పిరుదులు గోడకు తగిలేలా దాని మీద కూర్చోండి. పాదాలు నేలకు అందకపోతే వాటి కింద పుస్తకాలు పేర్చి మోకాళ్లు లంబకోణంలో ఉండేటట్లు చూసుకోండి. అప్పుడు పాదం అడుగు నుంచి మోకాలి వెనుక మడత వరకు ఎంత ఎత్తుందో, గోడ నుంచి అదే మడత వరకు ఎంత పొడవుందో, భుజం వదులుగా వేలాడదీసి మోచేయి మడిచినప్పుడు స్టూలు పైభాగం నుంచి మోచేతి వరకు ఎంత ఉందో మరొకరిచేత కొలిపించి రాసిపెట్టుకోండి. మీ అబ్బాయి కొలతలు కూడా అదే పద్ధతిలో తీసుకోండి. ఒకే పొడవున్న ఇద్దరిలో కూడా కాళ్ల పొడవు, మొండెం పొడవు వేరువేరుగా ఉంటాయి కనుక నేను కింద చెప్పే అంకెల కన్నా మీ టేపు చూపించే అంకెలనే నమ్మాలి.

5 అడుగుల పొడవున్న స్త్రీకి మొదటి కొలత సాధారణంగా 15 అంగుళాలకు అటూ ఇటూగా, రెండోది 17 అంగుళాల దరిదాపుల్లో, మూడోది 8 లేదా 9 అంగుళాలుగా ఉంటుంది. ఇప్పుడు మీ ఇంట్లో ఉన్న పెద్ద కుర్చీని పూర్తిగా కిందికి దించి సీటు ఎత్తు, లోతు కొలవండి. మార్కెట్లో ఎత్తైన వీపుతో వచ్చే కుర్చీల్లో చాలావాటికి అతి తక్కువ సీటు ఎత్తు 17 నుంచి 18 అంగుళాలు, లోతు 19 నుంచి 20 అంగుళాలు ఉంటుంది. అంటే ఆ కుర్చీని ఎంత దించినా మీ పాదాలకూ నేలకూ మధ్య రెండు మూడు అంగుళాలు మిగిలిపోతాయి. పైగా ఆఫీసు కుర్చీల కొలతలు నిర్ణయించేటప్పుడు మనిషి బూట్లు వేసుకుని కూర్చుంటాడని భావించి మడమ కోసం అంగుళం దాకా కలుపుకోవడం వాడుక. ఇంట్లో వట్టికాళ్లతో పనిచేసే మనకు ఆ అంగుళం కూడా లోటే.

లోతు సంగతి ఇంకా ముఖ్యమైనది, కుర్చీ కొనేవారు దాదాపుగా పట్టించుకోనిదీ అదే. పిరుదులు వెనక్కి పూర్తిగా జరిపి కూర్చున్నప్పుడు సీటు ముందు అంచుకూ మోకాలి వెనుక మడతకూ మధ్య రెండు మూడు వేళ్లు దూరేంత ఖాళీ ఉండాలి. మీ రెండో కొలత 17 అంగుళాలైతే మీకు సరిపోయే సీటు లోతు సుమారు 15 నుంచి 16 అంగుళాలు మాత్రమే. 20 అంగుళాల సీటులో వెనక్కి జరిగితే అంచు పిక్కలకు తగులుతుంది, ముందుకు జరిగితే నడుముకూ కుర్చీ వీపుకూ మధ్య నాలుగైదు అంగుళాల ఖాళీ ఏర్పడుతుంది. రెండో పక్షంలో ఆ కుర్చీకి ఎంత గొప్ప లంబార్ సపోర్ట్, అంటే నడుముకు దన్నుగా ఉండే ఉబ్బు, ఉన్నా మీ వెన్నుకు అది తగలనే తగలదు, మీరు ఖరీదైన స్టూలు మీద కూర్చున్నట్టే లెక్క. ఎత్తు ఎక్కువైతే కాళ్ల కింద పీట వేసుకుని సరిదిద్దుకోవచ్చు గాని, లోతు ఎక్కువైతే వెనుక గట్టి దిండు పెట్టుకోవడం తప్ప వేరే ఉపాయం లేదు. ఆ దిండు రోజూ జారుతూనే ఉంటుంది కూడా. అందుకే మీలాంటివారు కొత్త కుర్చీ కొనేటప్పుడు అన్నిటికన్నా ముందు అడగవలసిన అంకె సీటు లోతు, ఆ తర్వాత అడగవలసింది సీటు దిగగలిగే అతి తక్కువ ఎత్తు.

ఈ మాట కుర్చీలు తయారుచేసేవాళ్లకు తెలియనిది కాదు. 1994లో అమెరికాలోని హెర్మన్ మిల్లర్ సంస్థ విడుదల చేసిన ఏరాన్ అనే కుర్చీ, స్పాంజి లేకుండా వలతోనే సీటూ వీపూ అల్లినందుకు పేరు తెచ్చుకుంది. దాన్ని రూపొందించిన బిల్ స్టంఫ్, డాన్ చాడ్విక్‌లు ఆ కుర్చీని ఏ, బి, సి అనే మూడు సైజుల్లో తెచ్చారు. ఆ వలను మాత్రం లోకమంతా అనుకరించింది, సైజుల సంగతి చాలామంది వదిలేశారు. మన దుకాణాల్లో దొరికే మెష్ కుర్చీల్లో అత్యధికం ఒకే సైజువి, అదీ కాస్త పొడవైన మగవారిని దృష్టిలో పెట్టుకుని చేసినవి.

ఇక మెడ, భుజాల నొప్పికి కుర్చీని ఒక్కదాన్నే నిందించడం న్యాయం కాదు, అందులో బల్లకు పెద్ద వాటా ఉంది. డైనింగ్ టేబుళ్ల ఎత్తు మామూలుగా 30 అంగుళాలు. మీ పాదాలు నేలకు ఆనేలా 15 అంగుళాల ఎత్తులో కూర్చుంటే మోచేతులు నేల నుంచి 23, 24 అంగుళాల దగ్గర ఉంటాయి, కీబోర్డు మాత్రం 30 అంగుళాలకు పైన ఉంటుంది. ఆ ఆరేడు అంగుళాలూ పైకి అందుకోవడానికి భుజాలను రోజంతా ఎత్తి పట్టుకుంటే సాయంత్రానికి పట్టేయక ఏం చేస్తాయి? దీన్ని సరిచేయడానికి రెండు దారులున్నాయి. బల్లను మార్చలేకపోతే మోచేతులు కీబోర్డు ఎత్తుకు వచ్చేదాకా కుర్చీని పైకి లేపి, పాదాల కింద ఆ లేపిన మేరకు ఎత్తున్న పీట వేసుకోవాలి. మీ విషయంలో అది ఆరంగుళాలకు తక్కువ ఉండదు. ఆ పీట రెండు పాదాలూ పక్కపక్కనే విశాలంగా పెట్టుకుని అప్పుడప్పుడూ జరుపుకునేంత వెడల్పుగా, తన్నితే జారిపోనంత బరువుగా ఉండాలి. ఆన్‌లైన్‌లో దొరికే తేలికపాటి ప్లాస్టిక్ కాళ్లపీటల కన్నా వడ్రంగిచేత చేయించుకున్న చెక్క పీట మేలని నా అభిప్రాయం, ఖర్చు కూడా తక్కువే.

రెండో దారి బల్లనే కిందికి తేవడం. పని కోసం వేరే బల్ల పెట్టుకునే వీలుంటే, పాత చెక్క బల్ల కాళ్లను వడ్రంగిచేత 25, 26 అంగుళాల ఎత్తుకు కోయించుకోవచ్చు, లేదా బల్ల కింద కీబోర్డు కోసం జారే అర బిగించుకోవచ్చు. కాకపోతే మీ అబ్బాయి అదే బల్ల దగ్గర చదువుకుంటాడని రాశారు కనుక, కోసిన బల్ల అతని మోకాళ్లకు తగులుతుంది. మీ ఇంటి పరిస్థితికి బల్లను ఉన్నట్టే ఉంచి, కుర్చీని లేపి, పీట వేసుకోవడమే కుదురుతుంది. పీట మాత్రం వదలకూడదు. కుర్చీ పైకి లేపి పీట వేసుకోకపోతే తిమ్మిరి ఇప్పటికన్నా ఎక్కువవుతుంది.

లాప్‌టాప్ ఇంకొక చిక్కు. దాని తెర, కీబోర్డు ఒకదానికొకటి అతుక్కుని ఉంటాయి కనుక చేతులకు సరైన ఎత్తులో పెడితే మెడ వంగుతుంది, కళ్లకు సరైన ఎత్తులో పెడితే భుజాలు లేస్తాయి. ఏ కుర్చీ కూడా ఈ చిక్కును విప్పలేదు. విడిగా ఒక కీబోర్డు, మౌస్ కొనుక్కుని, లాప్‌టాప్‌ను స్టాండు మీదో లావుపాటి పుస్తకాల మీదో పెట్టి, తెర పై అంచు దాదాపు కంటి ఎత్తులో, చేయి చాచినంత దూరంలో ఉండేలా అమర్చుకోండి. మీ వయసులో కొందరికి దగ్గరి చూపు కోసం బైఫోకల్ లేదా ప్రోగ్రెసివ్ అద్దాలు వస్తాయి. వాటిని వాడేవారు కింది భాగం గుండా చూడటానికి గడ్డం పైకెత్తుతారు కనుక, వారికి తెర ఇంకాస్త కిందికే ఉండాలి. పదిహేను వేలలో రెండు వేలు దీనికి కేటాయించడం, అంతా కుర్చీకే పెట్టడం కన్నా తెలివైన ఖర్చు.

నడుముకు దన్ను గురించి రెండు మాటలు వివరంగా చెప్పాలి. నిలబడినప్పుడు మన నడుము దగ్గర వెన్నెముక కొద్దిగా లోపలికి వంగి ఉంటుంది. కూర్చోగానే తుంటి ఎముక వెనక్కి ఒరిగి ఆ వంపు చదునైపోతుంది, లంబార్ సపోర్ట్ చేయవలసిన పని ఆ వంపును పూర్తిగా పోనివ్వకుండా నిలపడం. ఆ ఉబ్బు బొడ్డుకు సరిగ్గా వెనుక వైపున, లేదా దానికి కొంచెం కిందుగా తగలాలి. ఒకే చోట బిగించిన లంబార్ సపోర్ట్ ఉన్న కుర్చీలలో అది పొడగరులకు సరిపోయి, మీ పొడవువారికి వీపు మధ్యలోనో పక్కటెముకల వెనుకనో గుచ్చుకుంటుంది. అలా పైన తగిలే దన్ను మనిషిని ముందుకు నెట్టి ఇంకా గూనిగా చేస్తుంది, దానికన్నా అసలు లేకపోవడమే నయం. అందుచేత ముందుకూ వెనక్కూ జరిగే దన్ను కన్నా పైకీ కిందికీ జరిగే దన్ను మీకు ముఖ్యం. కొన్ని కుర్చీలలో వీపు భాగం మొత్తాన్ని మెట్లు మెట్లుగా పైకి లేపే, దించే ఏర్పాటు ఉంటుంది, అది కూడా ఇదే పని చేస్తుంది.

‘నిటారుగా కూర్చోవాలి’ అని బడిలో నేర్పిన పాఠాన్ని మాత్రం ఇక్కడ కొంత సడలించాలి. 1960లు, 70లలో స్వీడన్‌కు చెందిన ఆల్ఫ్ నాకెమ్‌సన్ వెన్నుపూసల మధ్యనుండే డిస్కులలోని ఒత్తిడిని నేరుగా సూదితో కొలిచి, నిలబడినప్పటి కన్నా ఆసరా లేకుండా కూర్చున్నప్పుడు ఆ ఒత్తిడి ఎక్కువని చెప్పారు. తర్వాత 1999లో జర్మనీలో విల్కె అనే పరిశోధకుడి బృందం చేసిన కొలతలలో కూర్చున్నప్పటి ఒత్తిడి నిలబడినప్పటి కన్నా ఎక్కువగా కనిపించలేదు, కాబట్టి ఆ పాత మాటను ఇప్పుడు అంత ఖండితంగా చెప్పలేం. ఏమైనా, వీపును కాస్త వెనక్కి వాల్చి, బరువులో కొంత భాగాన్ని కుర్చీ వీపు మీద మోపితే వెన్నుకు విశ్రాంతి దొరుకుతుందన్న విషయంలో పెద్ద భేదాభిప్రాయం లేదు. 2006లో స్కాట్లండ్‌లోని అబర్డీన్‌లో ఎంఆర్ఐ స్కానింగులతో చేసిన ఒక అధ్యయనం 135 డిగ్రీల వాలు మేలని తేల్చింది. అది పడక కుర్చీలో పేపరు చదువుకునేవారికి బాగుంటుందే గాని, ఆ వాలులో కీబోర్డు అందదు. టైపు చేసేటప్పుడు తొడలకూ వీపుకూ మధ్య 100 నుంచి 110 డిగ్రీలు ఉంటే సరిపోతుంది.

దీనికి కుర్చీలో ఉండవలసింది వాలే ఏర్పాటు, అంటే టిల్ట్. చౌక కుర్చీల్లో సీటూ వీపూ కలిసి ఒకే పలకలా వెనక్కి ఊగుతాయి. అప్పుడు సీటు ముందు అంచు పైకి లేచి మళ్లీ మీ తొడలనే నొక్కుతుంది. సింక్రో టిల్ట్ అని రాసి ఉన్న కుర్చీలలో వీపు రెండు వంతులు వాలితే సీటు ఒక వంతు మాత్రమే వాలుతుంది, పాదాలు ఉన్నచోటనే ఉంటాయి. మీ బడ్జెట్‌లో ఇది దొరుకుతుంది కనుక, హెడ్‌రెస్ట్ వదులుకుని అయినా దీన్ని తీసుకోండి. సీటు కింద ఉండే గుండ్రని పిడి తిప్పితే వాలడానికి పట్టే బలం మారుతుంది. కర్మాగారం నుంచి వచ్చినప్పుడు అది చాలాసార్లు బిగువుగా ఉంటుంది, బరువు తక్కువున్నవారు దాన్ని వదులు చేసుకోకపోతే కుర్చీ అసలు వాలదనే అనుకుంటారు. ఆ తర్వాత దాన్ని ఒకే కోణంలో బిగించేయకుండా మీతోపాటు ఊగనివ్వండి.

హెడ్‌రెస్ట్ మీకు అవసరం లేదు. టైపు చేసేటప్పుడు తల దానికి తగలదు, తగిలితే కూర్చున్న తీరులో ఏదో తేడా ఉన్నట్టే. వెనక్కి బాగా వాలి ఫోనులో మాట్లాడేవారికి, తెర మీద చదివేవారికి మాత్రమే అది పనికొస్తుంది. పైగా మెడ వంపులో కుదురుకోవలసిన దాని ఉబ్బు, 5 అడుగులవారికి నడినెత్తి వెనుక తగిలి తలను ముందుకు తోస్తుంది. మీ పాత కుర్చీలో అది మరలతో బిగించినదైతే ఈ రోజే విప్పి చూడండి, మెడ నొప్పిలో ఎంతో కొంత తేడా తెలియవచ్చు.

కుర్చీ చేతులు ఎత్తు మారేవి కావాలి, లేదా అసలు లేకపోయినా ఫరవాలేదు. అవి బల్ల అంచుకు తగిలి కుర్చీని లోపలికి రానివ్వకపోతే మీరు మళ్లీ సీటు ముందుకు జరిగి కూర్చుంటారు, అప్పుడు లోతు చూసి కొన్న శ్రమంతా వృథా. చేతుల పైభాగం మీ మూడో కొలతకు సమానంగా, అంటే సీటు నుంచి 8, 9 అంగుళాల ఎత్తుకు దిగగలగాలి. అవి బల్ల పలక కిందికి దూరతాయో లేదో కుర్చీని పైకి లేపిన స్థితిలో కూడా చూసుకోండి.

ఇక మెష్, స్పాంజి. రాజమహేంద్రవరం ఎండాకాలంలో, అందులోనూ కరెంటు పోయిన మధ్యాహ్నాలలో, వీపుకు గాలి తగలడం ఎంత సుఖమో మీకు చెప్పనక్కరలేదు కనుక వీపు భాగం మెష్ తీసుకోండి. సీటు మాత్రం స్పాంజిదే మంచిదని నేను అంటాను. ఖరీదైన కుర్చీల్లో వల సీటు బాగానే ఉంటుంది గాని, పదిహేను వేల లోపు వచ్చే వల సీట్లు చాలావరకు ఏడాది రెండేళ్లలో మధ్యలో జోలెలా దిగిపోతాయి. అప్పుడు వల బిగించిన ముందు చట్రం గట్టు తొడలకు తగులుతుంది, మీ అసలు బాధే అది. స్పాంజిలో అచ్చులో పోసిన ఫోమ్ అడగండి. ఫోమ్ సాంద్రతను ఘనపు మీటరుకు ఇన్ని కిలోలు అని చెబుతారు, 45 గాని అంతకు మించి గాని ఉంటే అది త్వరగా అణగదు. బొటనవేలితో గట్టిగా నొక్కితే అడుగు చెక్క తగిలేంత మెత్తగా ఉన్న సీటు దుకాణంలో పది నిమిషాలు మురిపిస్తుంది, ఆ తర్వాత కూర్చునే ఎముకలు నేరుగా చెక్క మీద ఆనుతాయి. ముందు అంచు కిందికి వంపు తిరిగి ఉండాలి. పై గుడ్డగా రెక్సిన్ వద్దు, మన ఉక్కపోతకు అది ఒంటికి అంటుకుంటుంది, కొన్నేళ్లకు పొలుసులుగా ఊడుతుంది కూడా. రేసు కార్ల సీట్ల వేషంలో వచ్చే గేమింగ్ కుర్చీల జోలికి పోకండి. పక్కలకు లేచిన వాటి గట్లు తొడలను కదలనివ్వవు, లోతు కూడా ఎక్కువే.

బాసింపట్టు సంగతి మళ్లీ ఒకసారి. అది తప్పేమీ కాదు. పూర్వం బట్టల కొట్లలో గుమాస్తాలు పరుపు మీద కూర్చుని, ముందు వాలుగా ఉన్న డెస్కు పెట్టె పెట్టుకుని రోజంతా పద్దులు రాసేవారు, కాలు చాపుకుంటూ మడుచుకుంటూ ఇష్టం వచ్చినట్టు కదిలేవారు. కుర్చీలో కూడా పది నిమిషాలు కాళ్లు మడుచుకుని కూర్చోవాలనిపిస్తే కూర్చోండి. వేరే గతి లేక గంటల తరబడి అలాగే ఉండిపోవడమే మోకాళ్లకు, తుంటికి మంచిది కాదు. ఎంత కొలత కుదిరిన కుర్చీలోనైనా అరగంటకొకసారి లేచి నాలుగడుగులు వేయాలి. పెద్ద నీళ్ల సీసా బదులు చిన్న గ్లాసు పక్కన పెట్టుకుంటే నీళ్ల కోసమైనా లేస్తారు.

కొత్త కుర్చీ కొనేముందు ఉన్న కుర్చీతోనే ఒక వారం ప్రయోగం చేయండి. హెడ్‌రెస్ట్ తీసేసి, నడుము వెనుక మూడు నాలుగు అంగుళాల మందమున్న గట్టి దిండు కట్టి, కుర్చీని బల్లకు తగ్గట్టు లేపి, పీట, విడి కీబోర్డు పెట్టుకుని పనిచేసి చూడండి. తిమ్మిరి, భుజాల నొప్పి తగ్గితే రోగనిర్ధారణ సరైనదేనని తేలుతుంది, ఏ కొలతలో కుర్చీ కొనాలో కూడా అనుభవంలోకి వస్తుంది. అయితే కుర్చీలోంచి లేచి తిరిగిన తర్వాత కూడా తిమ్మిరి పోకపోయినా, నొప్పి పిరుదు నుంచి మోకాలి కిందికి పాకుతున్నా, పాదం బలహీనంగా తోచినా, రాత్రి నిద్రలో నొప్పికి మెలకువ వస్తున్నా అది కుర్చీ విషయం కాదు, ఆర్థోపెడిక్ డాక్టరుకు చూపించుకోండి. మూత్రం, విరేచనం అదుపు తప్పినా, తొడల మధ్య స్పర్శ తెలియకపోయినా ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి. అరికాళ్లలో మంటలు, తిమ్మిరి ఉంటే ఒకసారి షుగర్ పరీక్ష కూడా చేయించుకోండి.

ఇద్దరికీ ఒకే కుర్చీ అన్నది సాధ్యమే గాని అందుకు సీటు ముందుకూ వెనక్కూ జరిగే ఏర్పాటు ఉండాలి. దాన్ని సీట్ స్లైడర్ అంటారు. పదిహేను వేలలో అలాంటివి కొన్ని ఉన్నాయి, కాకపోతే వాటిలో పూర్తిగా వెనక్కి జరిపినప్పటి లోతు కూడా 17 అంగుళాలు ఉండేవి ఎక్కువ. అది మీ అబ్బాయికి హాయి, మీకు ఇంకా ఎక్కువే. నిజానికి మీ ఇంట్లో ఉన్న పెద్ద కుర్చీ అతని కొలతకే చేసినట్టుంది. దాన్ని అతనికి ఇచ్చేసి, మీకు చిన్న సీటు, నడి ఎత్తు వీపు, సింక్రో టిల్ట్ ఉన్న కుర్చీ తీసుకోవడం నాకు సరైన పద్ధతిగా కనిపిస్తోంది. ఎత్తు వీపు కుర్చీ గొప్పగా కనిపిస్తుందని నడి ఎత్తు వీపు కుర్చీలను దుకాణదారులు వెనక వరుసలో పెడతారు, అడిగి చూపించుకోండి. హైదరాబాదులో మూతబడిన ఆఫీసుల నుంచి వచ్చిన మంచి బ్రాండ్ల పాత కుర్చీలు కొత్త ధరలో చిన్న వంతుకే దొరుకుతాయి. అటు వెళ్లే పని ఉంటే అవి కూడా చూడదగ్గవే, సీటును పైకీ కిందికీ జరిపే గొట్టం, అంటే గ్యాస్ లిఫ్ట్, కూర్చున్నాక మెల్లగా దిగిపోవడం లేదని మాత్రం నిర్ధారించుకోండి.

అమెరికాలోని ఫర్నిచర్ తయారీదారుల సంఘమైన బిఫ్మా పెట్టిన పరీక్ష నెగ్గిందని రాసి ఉంటే ఆ కుర్చీ గట్టిగా ఉంటుందని, త్వరగా విరగదని అర్థం, మీకు సరిపోతుందని కాదు. మన బీఐఎస్ కూడా పని కుర్చీలకు ఐఎస్ 17631 అనే ప్రమాణం పెట్టింది. దుకాణంలో అయితే చెప్పులు విడిచి, కనీసం పావుగంట, టైపు చేస్తున్నట్టు చేతులు పెట్టి కూర్చుని చూడండి. మొహమాటపడకుండా టేపు తీసి సీటు లోతు కొలవండి. ఆన్‌లైన్‌లో అయితే ప్రకటనలో రాసిన లోతు చాలాసార్లు కాళ్లతో సహా కుర్చీ మొత్తానిది కనుక, సీటు లోతు ఎంత, సీటు అతి తక్కువ ఎత్తు ఎంత అని అమ్మకందారుకు రాతపూర్వకంగా ప్రశ్న వేసి జవాబు దగ్గర పెట్టుకోండి. మీ ఇంట్లో నున్నటి టైల్స్ ఉంటే గట్టి నైలాన్ చక్రాలు జారుతూ చప్పుడు చేస్తాయి, పాలీయురేథేన్ పూత ఉన్న చక్రాలు అడగండి. తిరిగి తీసుకునే గడువు ఎన్ని రోజులో, బిగించిన తర్వాత కూడా తీసుకుంటారో లేదో కొనేముందే తెలుసుకుని, ఆ గడువు ముగిసేదాకా అట్టపెట్టెను, మరల పొట్లాన్ని పారేయకుండా ఉంచండి.